కృత్రిమ మేధలో ఏజెంటు

కృత్రిమ మేధ పరిభాషలో ఏజెంటు అంటే, తన చుట్టూ ఏం జరుగుతోందో గ్రహించి, దాన్నిబట్టి ఏదో ఒక పని చేసి, ఆ పరిసరాన్ని మార్చగల వ్యవస్థ. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు, తగాదా అంతా ఆ తర్వాతే. గది వేడిని బట్టి ఏసీని ఆపి వేసే థర్మోస్టాట్ ఏజెంటా? చదరంగం ఆడే ప్రోగ్రాము ఏజెంటా? అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే చాట్‌బాటో? 1990లలో ఏజెంట్ల మీద పనిచేసినవాళ్లకు ‘ఏజెంటంటే ఏమిటి’ అన్న ప్రశ్న, మొత్తం కృత్రిమ మేధవాళ్లకు ‘మేధ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నంత ఇబ్బందికరమైనదని కార్ల్ హ్యూవిట్ 1994లో ఒక సదస్సులో వ్యాఖ్యానించాడు. ముప్పై ఏళ్లు దాటాయి. ఆ ఇబ్బంది తీరలేదు సరికదా, వ్యాపార ప్రకటనల్లోకి కూడా ఎక్కింది.

ఒకే మాటలో ఇద్దరు

తెలుగువాళ్లకు ఏజెంటు అనగానే ఎల్‌ఐసీ ఏజెంటు, పోలింగ్ ఏజెంటు, గల్ఫ్ ఏజెంటు గుర్తొస్తారు. ఇంకొకరి తరఫున పని చక్కబెట్టే మనిషి అన్నమాట. తత్వశాస్త్రంలో ఇదే ఇంగ్లీషు మాటకు అర్థం వేరు: తనంతట తాను చేసేవాడు, కర్త. లాటిన్‌లో ‘చేయడం, నడపడం’ అనే ధాతువు నుంచి వచ్చిన ఈ మాట రెండర్థాలనూ మోస్తుంది. తెలుగులో వీటికి ప్రతినిధి, కర్త అని విడివిడి మాటలు ఉండటం మన అదృష్టం. కృత్రిమ మేధలో జరిగిన వాదాల్లో సగం, ఒకరు కర్త గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు ప్రతినిధి గురించి మాట్లాడటం వల్ల పుట్టినవే.

కర్త ఎవరన్న విచారణ మనకు కొత్తది కాదు. క్రియ విషయంలో స్వతంత్రంగా ఉన్నదే కర్త అని పాణిని తేల్చాడు. పని నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేది కరణం. వడ్రంగి గొడ్డలితో చెట్టు నరికితే వడ్రంగి కర్త, గొడ్డలి కరణం. మరి ‘ఈ గొడ్డలి బాగా నరుకుతుంది’ అన్నప్పుడో? ‘కుండ వండుతోంది’ అనే వాక్యాన్ని పతంజలి మహాభాష్యం చర్చకు పెట్టింది. కుండను కర్తగా చెప్పాలని మాట్లాడేవాడు అనుకుంటే అది కర్తే అవుతుందన్నది వ్యాకర్తల దారి. ఆ అనుకోవడాన్ని వాళ్లు వివక్ష అన్నారు. ఇప్పుడు వివక్ష అంటే మనకు వేరే అర్థం స్ఫురిస్తుంది గానీ, చెప్పదలచుకోవడం అన్నదే దాని అసలు అర్థం. ఇరవయ్యో శతాబ్దపు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు దాదాపు ఇదే చోటికి వేరే దారిన వచ్చారు.

కంప్యూటర్ రంగంలోకి ఈ మాట వచ్చిన వైనాన్ని అలన్ కే 1984లో రాశాడు. ఆలోచన 1950ల నడుమ జాన్ మెకార్తీది, పేరు కొన్నేళ్ల తర్వాత ఆలివర్ సెల్ఫ్‌రిడ్జ్ పెట్టినది, అప్పుడు ఇద్దరూ ఎంఐటీలో ఉన్నారు.

ఆటో స్టార్టర్ పరీక్ష

నిర్వచనాల మధ్య తేడా తెలియాలంటే అన్నిటినీ ఒకే వస్తువు మీద పెట్టి చూడాలి. పుస్తకాల్లో థర్మోస్టాట్‌ను వాడతారు. మనకు అంతకన్నా దగ్గరి వస్తువు ఉంది: వ్యవసాయ మోటారుకు బిగించే ఆటో స్టార్టర్. త్రీ ఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చి తెల్లారేసరికి పోయే రోజుల్లో, చీకట్లో పొలానికి వెళ్లి తడి నేల మీద నిలబడి మీట నొక్కడం ప్రాణాల మీదికి తెచ్చే పని. పాము భయం ఒకటి, షాక్ భయం ఒకటి. అందుకే రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఆ డబ్బా చేసేది ఎంతో లేదు. మూడు ఫేజులూ వచ్చాయా, ఓల్టేజీ చాలుతుందా అని చూస్తుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది, లోపల రిలే టక్కుమంటుంది, మోటారు అందుకుంటుంది. మడి నిండిందో లేదో దానికి తెలియదు. వాన కురుస్తున్నా మోటారు వేస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడానికి సిద్ధమవుతూ తెలంగాణ ప్రభుత్వం అంతకుముందే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరడానికి కారణం ఇదే. కరెంటు పోనప్పుడు డబ్బా మోటారును ఆపదు, భూగర్భ జలం అడుగంటుతుంది.

ఇది ఏజెంటేనా?

స్టువర్ట్ రసెల్, పీటర్ నార్విగ్ 1995లో తొలిసారి వెలువరించిన పాఠ్యపుస్తకం ప్రకారం అవును. ప్రపంచమంతటా కళాశాలల్లో చదివే ఆ పుస్తకం మొత్తం కృత్రిమ మేధనే ఏజెంట్ల నిర్మాణ శాస్త్రంగా చూపిస్తుంది. దాని లెక్కలో సెన్సర్లతో పరిసరాన్ని గ్రహించి, చోదక సాధనాలతో ఆ పరిసరం మీద పనిచేసేదల్లా ఏజెంటే. మన పాత పరిభాషలో చెబితే జ్ఞానేంద్రియాలూ కర్మేంద్రియాలూ ఉండి, వాటి మధ్య ఏదో ఒక లంకె ఉంటే చాలు. స్టార్టర్‌కు ఓల్టేజీ చూసే కన్ను ఉంది, రిలే అనే చెయ్యి ఉంది. పాసైపోయింది.

అయితే ఆ పుస్తకం ఏజెంట్లలో మెట్లు కట్టింది. ఇప్పుడు అందిందాన్ని బట్టి ఇప్పుడు స్పందించేది అట్టడుగు మెట్టు. మన డబ్బా అక్కడుంది. దానికి కాస్త జ్ఞాపకం ఇచ్చి, నిన్న ఎంతసేపు నడిచిందో, మడిలో ఎంత నీరు ఉండి ఉంటుందో అంచనా కట్టుకోనిస్తే రెండో మెట్టు. ‘పొలం తడవాలి’ అనే లక్ష్యాన్ని దానికే ఇచ్చి, ఎప్పుడు నడవాలో తేల్చుకోమంటే మూడోది. పంట తడి, బోరులో మిగిలే నీరు, మోటారు అరుగుదల, ఈ మూడూ ఒకదానితో ఒకటి పోటీ పడినప్పుడు ఏది ఎంత మేలో తూచి చూసేది నాలుగోది. అనుభవంతో మెరుగుపడటం ఈ మెట్లలో దేనికైనా జోడించగల గుణం.

ఈ విశాలమైన నిర్వచనానికి రసెల్, నార్విగ్‌లే ఒక జాగ్రత్త కూడా జతచేశారు. ఏజెంటనే భావన వ్యవస్థలను విశ్లేషించే పనిముట్టే తప్ప లోకాన్ని ఏజెంట్లు, కానివి అని రెండుగా చీల్చే కత్తి కాదని. రెండుకు రెండు కలిపి నాలుగు చూపే కాలిక్యులేటర్‌ను ఏజెంటనొచ్చు, అన్నందువల్ల దాని గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఆ పుస్తకం చదివి నిర్వచనం మాత్రం బట్టీ పట్టినవాళ్లు ఈ వాక్యాలను దాటేస్తుంటారు.

చేసింది కంటబడుతుందా

మెంఫిస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్ ఫ్రాంక్లిన్, ఆర్ట్ గ్రేసర్ 1996లో ఈ గుంపును జల్లెడ పట్టారు. అది ఏజెంటా, లేక ఒట్టి ప్రోగ్రామేనా అన్నదే వాళ్ల వ్యాసం శీర్షిక. పరిసరంలో భాగమై ఉండాలి, కొంతకాలం పాటు నిరంతరం గ్రహిస్తూ, చేస్తూ ఉండాలి, సొంత ఎజెండా ఉండాలి. అన్నిటికన్నా పదునైన షరతు మరొకటి: ఇప్పుడు చేసింది రేపు గ్రహించబోయేదాన్ని మార్చాలి. జీతాల లెక్క వేసే ప్రోగ్రాము హాజరు వివరాలు తీసుకుని జీతపు పట్టీ ఇస్తుంది. ఆ పట్టీ వల్ల వచ్చే నెల హాజరు మామూలుగా మారదు కాబట్టి అది ఒట్టి ప్రోగ్రామే.

ఈ జల్లెడలో మన ఆటో స్టార్టర్ కిందికి జారిపోతుంది. అది చూసేది కరెంటును, చేసేది నీటిని తోడటం. తోడిన నీరు ఎన్నటికీ దాని కంటబడదు. అదే మేడమీది ట్యాంకుకు పెట్టే లెవెల్ కంట్రోలర్ నిలబడుతుంది: నీరు తగ్గితే మోటారు వేస్తుంది, మోటారు వేసినందువల్లే నీటిమట్టం పెరుగుతుంది, పెరిగిన మట్టాన్ని చూసి ఆపుతుంది. బయటికి చూస్తే రెండూ మోటారు వేసే డబ్బాలే. ఒకదాని వలయం మూసుకుంది, రెండోదానిది తెగిపోయింది. ఆటో స్టార్టర్‌కే డ్రై రన్ రక్షణ జోడిస్తే, అంటే బోరు ఖాళీ అయి మోటారు లాగే కరెంటు పడిపోయినప్పుడు ఆపేసే ఏర్పాటు పెడితే, అదీ పాక్షికంగా గట్టెక్కుతుంది. ఏజెంటుతనం పెట్టె బరువులోనో ధరలోనో లేదు, తీగను ఎక్కడ కలిపామన్న దానిలో ఉంది. ఇప్పటిదాకా వచ్చిన పరీక్షల్లో వాడుకకు బాగా పనికొచ్చేది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం, ‘సొంత ఎజెండా’ ఎవరి సొంతమో తేలకపోయినా సరే.

మనసు ఉందనుకోవడం

థర్మోస్టాట్‌కు మూడు నమ్మకాలు ఉన్నాయనవచ్చని మెకార్తీ 1979లో రాశాడు: గది మరీ వేడిగా ఉంది, మరీ చల్లగా ఉంది, సరిగ్గా ఉంది. హాస్యానికి కాదు. యంత్రం పనితీరును అర్థం చేసుకోవడానికో, మరమ్మతు చేయడానికో పనికొచ్చినప్పుడు దానికి నమ్మకాలను ఆపాదించడం న్యాయమే అన్నది అతని వాదన. థర్మోస్టాట్ విషయంలో ఆ అవసరం లేదు, లోపలి లోహపు పట్టీ సంగతి చెబితే సరిపోతుంది. పెద్ద ప్రోగ్రాముల విషయంలో అలా కుదరదు. తత్వవేత్త డేనియల్ డెనెట్ దీన్ని ఉద్దేశ దృక్పథం అన్నాడు. 1971లో మొదలైన ఈ ఆలోచన 1987 నాటికి పుస్తకమైంది. ఒకదాన్ని భౌతిక నియమాలతో చూడవచ్చు, దాన్ని దేనికోసం తయారుచేశారో చూడవచ్చు, లేదా దానికి కోరికలు, నమ్మకాలు ఉన్నాయనుకుని అది తర్వాత ఏం చేస్తుందో ఊహించవచ్చు. చదరంగం ప్రోగ్రాముతో ఆడేవాడు మూడో పద్ధతి తప్ప ఇంకొకటి వాడితే ఓడిపోతాడు.

యోవ్ షోహం 1993లో గోడమీది లైటు స్విచ్‌ను ఇదే విధంగా వర్ణించి చూపాడు: మనం కోరుకుంటున్నామని నమ్మినప్పుడు మాత్రమే కరెంటు పంపే మహా వినయశీలి. వర్ణనలో తప్పులేదు, కొత్తగా ఒరిగిందీ లేదు. ఇది కుండ వండటం కథే. కాకపోతే మెకార్తీ వర్గం వివక్షకు ఒక షరతు పెట్టింది: అలా చెప్పినందువల్ల ఊహించే శక్తి పెరగాలి.

ఇంకొందరికి ఈ ఆపాదన చాల్లేదు. నమ్మకం, కోరిక, సంకల్పం యంత్రం లోపల నిజంగా విడివిడి అరలుగా ఉండాలన్నారు. తత్వవేత్త మైకేల్ బ్రాట్‌మన్ 1987లో మనుషుల సంకల్పాల గురించి రాసిన పుస్తకం దీనికి పునాది. సంకల్పం కోరికలాంటిది కాదు. ఒకసారి గట్టిగా అనుకున్నాక మనిషి ప్రతి నిమిషమూ మళ్లీ మొదటినుంచి ఆలోచించడు, ఆ తీర్మానం మిగతా ఆలోచనలకు గట్టు వేస్తుంది. ఆనంద్ రావు, మైకేల్ జార్జెఫ్ ఆస్ట్రేలియాలో దీన్ని గణిత రూపంలోకి, ప్రోగ్రాముల్లోకి తెచ్చారు. ఇదే కుదురులోని ఒక వ్యవస్థను స్పేస్ షటిల్ రియాక్షన్ కంట్రోల్ వ్యవస్థలో లోపాలు పట్టే పనికి, మరొకదాన్ని సిడ్నీ విమానాశ్రయంలో విమానాల రాకను క్రమబద్ధం చేసే పనికి ప్రయోగించి చూశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎంఐటీలో రాడ్నీ బ్రూక్స్ ఇందుకు పూర్తిగా ఎదురు నిలిచాడు. లోపల నమ్మకాల పటం ఏదీ లేకుండానే, సరళమైన ప్రతిస్పందనల పొరలతో గదుల్లో తిరిగే రోబోలను నడిపించాడు.

మైకేల్ వూల్‌డ్రిడ్జ్, నికొలస్ జెన్నింగ్స్ 1995లో రాజీ కుదిర్చారు. మెత్తటి అర్థంలో ఏజెంటుకు స్వయంప్రతిపత్తి, ఇతర ఏజెంట్లతోనో మనుషులతోనో మాట్లాడగలగడం, మార్పుకు వెంటనే స్పందించడం, అడగకముందే చొరవ తీసుకోవడం ఉండాలి. గట్టి అర్థంలో వీటికి తోడు నమ్మకం, సంకల్పం వంటివీ ఉండాలి. ఇవాళ్టికీ ఎక్కువమంది ఉటంకించేది ఈ వర్గీకరణనే. నిజానికి ఇది నిర్వచనం కన్నా పెళ్లిచూపుల జాబితాకు దగ్గర. ఏ గుణం ఎంత పాలు ఉండాలో చెప్పదు.

హద్దు ఎక్కడ

అనుభవంతో నేర్చుకునే యంత్రాల శాఖలో, రిచర్డ్ సట్టన్, ఆండ్రూ బార్టో 1998లో వెలువరించిన పుస్తకం ప్రశ్ననే తిప్పేసింది. ఏజెంటంటే ఏమిటని కాక, ఏజెంటు ఎక్కడ ఆగిపోయి పరిసరం ఎక్కడ మొదలవుతుందని అడిగింది. ఏజెంటు తన ఇష్టం వచ్చినట్టు మార్చలేనిదల్లా పరిసరమే అన్నది వాళ్ల జవాబు. కాబట్టి రోబో మోటార్లు, కీళ్లు కూడా ఏజెంటుకు బయటివే. మనిషికి ఈ లెక్క వర్తింపజేస్తే కండరాలూ ఎముకలూ పరిసరంలోకే పోతాయి. చేసిన పనికి వచ్చే ప్రతిఫలాన్ని లెక్కగట్టే చోటు కూడా బయటే ఉండాలి, లేకపోతే విద్యార్థే తన పేపరు దిద్దుకున్నట్టు అవుతుంది. 2016లో లీ సెడోల్‌ను గో ఆటలో 4-1తో ఓడించిన ఆల్ఫాగో ఈ సంప్రదాయపు బిడ్డే. అక్కడ ఏజెంటు ఎవరు, పరిసరం ఏది, గెలుపు ఏది అన్న మూడింటికీ ఆట నియమాలే గీత గీసిపెట్టాయి. బయటి ప్రపంచంలో ఆ వెసులుబాటు ఉండదు.

డీప్‌మైండ్ పరిశోధకులు 2022లో మరో పరీక్ష ప్రతిపాదించారు. తన పనుల ఫలితం మారిపోయే లోకంలో పెడితే తన తీరు మార్చుకునేదే ఏజెంటు. ఆటో స్టార్టర్ తీగలను మోటారుకు బదులు ఊళ్లోని వీధి దీపాలకు కలిపామనుకోండి. కరెంటు రాగానే అది పట్టపగలు కూడా అదే నిష్ఠతో రిలే వేస్తుంది. కాబట్టి ఏజెంటు కాదు. దాన్ని తయారుచేసిన మెకానిక్కునూ లెక్కలో కలిపితే? అతను వైరింగ్ మార్చేవాడు. తయారీ ప్రక్రియను కలుపుకుంటామా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుందని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు.

ప్రతినిధి తిరిగి రావడం

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా కర్త కథలు. ప్రతినిధి కథ 1990లలోనే ఎంఐటీలో ప్యాటీ మేస్ చేతుల్లో మొదలైంది. ఈమెయిళ్లు వడపోయడం, సమావేశాలు కుదర్చడం వంటి పనులు యజమాని అలవాట్లు చూసి నేర్చుకునే సాఫ్ట్‌వేరు సహాయకులవి. మనిషి చేతిలోని పగ్గం వదిలేయడం ఏమిటని బెన్ ష్నైడర్‌మన్ వాదించాడు, 1997లో ఇద్దరూ బహిరంగంగా తలపడ్డారు. అదే సమయానికి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో కళ్లార్పే పేపర్ క్లిప్పు ఒకటి పిలవని పేరంటానికి వచ్చినట్టు ప్రతి ఉత్తరం మొదట్లోనూ ప్రత్యక్షమై, ష్నైడర్‌మన్ పక్షానికి అనుకోని బలం చేకూర్చింది.

భాషా నమూనాలు వచ్చాక కర్తా ప్రతినిధీ మళ్లీ ఒక్కటయ్యారు. భాషా నమూనా తనకు తానుగా చేసేది ఇచ్చిన పాఠానికి తర్వాతి ముక్క ఊహించడం. దాన్ని వలయంలో పెట్టి, శోధన, లెక్కలు, ఫైళ్లు వంటి పరికరాలు చేతికిచ్చి, ప్రతి పని ఫలితాన్నీ తిరిగి దానికే చదివి వినిపిస్తే తీరు మారిపోతుంది. ఆలోచననూ పనినీ ఇలా పెనవేసే రియాక్ట్ పద్ధతి 2022లో వచ్చింది. 2023లో ఆటోజీపీటీ అనే ప్రోగ్రాము లక్ష్యం ఒక్కటి చెబితే చాలు అంటూ సంచలనం రేపింది. చేసిన పనే మళ్లీ చేస్తూ గానుగెద్దులా తిరగడంలోనూ అది పేరు తెచ్చుకుంది.

సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి రెండు టికెట్లు కావాలనుకుందాం. ఏ రైళ్లున్నాయో, ఎలా బుక్ చేయాలో చెప్పి ఊరుకునేది చాట్‌బాట్. ముందే రాసిపెట్టిన వరుసలో రైలు వెతకడం, పేర్లు నింపడం, డబ్బు కట్టే పేజీకి చేర్చడం చేసి, సీటు దొరక్కపోతే అక్కడే నిలబడిపోయేది పనివరుస. వెయిటింగ్ లిస్టు 140 అని చూసి, ఇది తేలేలా లేదనుకుని, ఒకరోజు ముందు రైలు చూసి, అదీ కాకపోతే బస్సుకు మళ్లి, రాజమండ్రిలో మారితే ఎలా ఉంటుందని అడిగేది ఏజెంటు. తర్వాతి అడుగు ఏదన్నది ప్రోగ్రామర్ ముందే రాశాడా, నమూనా అప్పటికప్పుడు తేల్చుకుందా అన్నదే గీటురాయి. ఆంత్రోపిక్ సంస్థ 2024 డిసెంబరులో ఈ రెండింటినీ ఇలాగే విడదీసింది. అమ్మకానికి ఏజెంటని పేరు పెట్టుకున్నవాటిలో పనివరుసలకు కొదవలేదు. వాటినేమీ చిన్నచూపు చూడనక్కర్లేదు. జీతాల లెక్కలాంటి పనికి చొరవ చూపించే యంత్రాన్ని ఎవరు కోరుకుంటారు?

అవునా కాదా అని కాక ఏపాటి అని అడగడం ఈమధ్య పెరిగింది. అలన్ చాన్, మరికొందరు 2023లో నాలుగు కొలతలు చూపారు: విడమర్చి చెప్పకపోయినా పని ఎలా చేయాలో ఎంతవరకు తేల్చుకుంటుంది, మధ్యలో మనిషి చెయ్యి లేకుండా నేరుగా ఎంత మారుస్తుంది, లక్ష్యాన్ని ఎంతగా పట్టుకు వేలాడుతుంది, ఎంత దూరం ముందుకు చూస్తుంది. పై ఉదాహరణలో డబ్బు కట్టేముందు ఆగి అడిగే ఏజెంటుకూ, అడక్కుండా కట్టేసేదానికీ మొదటి కొలతలో తేడా లేదు, రెండోదానిలో ఉంది. ఇంటివాళ్లకు ముఖ్యమైన తేడా అదే.

చట్టం దృష్టిలో

భారత కాంట్రాక్టు చట్టం 1872, 182వ సెక్షన్‌లో ఏజెంటును నిర్వచించింది: మరొకరి కోసం పనిచేయడానికో, మూడో మనిషితో వ్యవహారంలో మరొకరికి ప్రాతినిధ్యం వహించడానికో నియమితుడైన వ్యక్తి. ‘వ్యక్తి’ అన్న మాట దగ్గరే సాఫ్ట్‌వేరు గడప బయట ఆగిపోతుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 11వ సెక్షన్ మరో దారి పట్టింది. ఒకరు తామే, లేదా తమ తరఫున ఎవరైనా, దానంతట అది నడిచేలా ప్రోగ్రాము చేసిన వ్యవస్థ పంపిన ఎలక్ట్రానిక్ రికార్డు ఆ ఒకరు పంపినట్టే. అంటే చట్టం కంటికి అది కరణం మాత్రమే.

2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ ముందుకు వచ్చిన కేసులో ఇది సూటిగా చర్చకు వచ్చింది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ దగ్గరివాళ్లు చనిపోయినప్పుడు ఇచ్చే చార్జీల రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. చాట్‌బాట్ తన చేతలకు తానే బాధ్యత వహించే వేరే అస్తిత్వం అన్నట్టుగా సంస్థ వాదించింది. ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, వెబ్‌సైటులో ఏమున్నా బాధ్యత సంస్థదేనని పరిహారం ఇప్పించింది.

మన కాంట్రాక్టు చట్టం 184వ సెక్షన్‌లో ఇక్కడ గుర్తుచేసుకోదగ్గ ఏర్పాటు ఒకటుంది. మైనరు కూడా ఏజెంటుగా ఉండవచ్చు. అతను కుదిర్చిన వ్యవహారానికి బయటివాళ్ల ముందు యజమాని కట్టుబడాలి. పని చెడితే మాత్రం యజమాని ఆ మైనరును జవాబుదారీ చేయలేడు.